వేలితో చూపించిన ఊరు

2015 ఆగస్టు. కరాచీలోని ఈధీ ఫౌండేషన్ ఆశ్రమం. ఇరవై మూడేళ్ల అమ్మాయి ముందు సెల్‌ఫోన్లో భారతదేశ పటం తెరిచి పెట్టారు. ఆమె వెంటనే గుర్తుపట్టింది. వేలు తీసుకెళ్లి ముందు జార్ఖండ్ మీద పెట్టింది. తర్వాత కిందికి జరిపి తెలంగాణ మీద ఆపింది. 'మా ఇల్లు ఇక్కడ' అంటోంది కాబోలు అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. అంతకు మించి చెప్పడానికి ఆమెకు మాట రాదు. వాళ్లు అడిగేది ఆమెకు వినపడదు.

ఆ వేలు రెండోసారి ఆగిన చోటికీ, చివరికి కన్నతల్లి దొరికిన చోటికీ పెద్ద దూరం లేదు. ఆ సంగతి తేలడానికి మాత్రం ఇంకో ఐదున్నరేళ్లు పట్టింది!

ఆ అమ్మాయే గీత. పాకిస్తాన్ నుంచి తిరిగొచ్చిన గీత అంటే ఆ రోజుల్లో పేపరు చదివిన వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. విమానం దిగినప్పుడు దేశమంతా టీవీల ముందు కూర్చుంది. ఆ తర్వాత ఏమైందన్నది మాత్రం చాలామందికి తెలియదు. అసలు కథ ఉన్నది అక్కడే.

*

2000ల తొలి సంవత్సరాల్లో ఒకరోజు లాహోర్ రైల్వేస్టేషన్లో సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగింది. అందరూ దిగిపోయారు. ఖాళీ పెట్టెలో ఒక పాప ఒంటరిగా కూర్చుని ఉంది. ఏడెనిమిదేళ్లుంటాయేమో. వెంట ఎవరూ లేరు. పాకిస్తాన్ రేంజర్లు పేరడిగితే పలకలేదు. ఏ ఊరంటే చెప్పలేదు. కాసేపటికి గానీ వాళ్లకు అర్థం కాలేదు... పాపకు వినపడదు, మాట్లాడలేదు.

అటు ఇండియా, ఇటు పాకిస్తాన్. మధ్యలో 1976 నుంచీ నడిచిన ఆ రైలు ఎక్కాలంటే పాస్‌పోర్టు, వీసా, తనిఖీలు... పెద్దవాళ్లకే సవాలక్ష పరీక్షలు. అన్నిటినీ దాటుకుని ఆ పిల్ల ఎలా వెళ్లిపోయిందో! పెద్దల చెయ్యి పట్టుకుని నడిచే పిల్లల్ని ఎవరు మాత్రం ఆపి అడుగుతారు? ఎవరో ఒకరి పిల్ల అనుకుంటారు. రద్దీగా ఉండే ప్లాట్‌ఫారం మీద తప్పిపోయిన పిల్లలందరి విషయంలోనూ జరిగేది ఇదే.

రేంజర్లు ఆమెను ఈధీ ఫౌండేషన్‌కు అప్పగించారు. మొదట లాహోర్లో, ఆ తర్వాత కరాచీలో. అక్కడ ఆమెను దగ్గరకు తీసుకున్నావిడ బిల్కిస్ ఈధీ. చదివింది నర్సు కోర్సు. భర్త అబ్దుల్ సత్తార్ ఈధీతో కలిసి, కన్నవాళ్లకు అక్కర్లేని వేల మంది పసికందులను సాకింది. ఆశ్రమాల గుమ్మాల ముందు ఉయ్యాలలు వేలాడదీయించి, 'పారేయకండి, ఇక్కడ పడుకోబెట్టి వెళ్లండి' అని చెప్పిన కుటుంబం అది. భార్యాభర్తలిద్దరి పుట్టుక గుజరాత్‌లోని బాంట్వా. దేశ విభజనప్పుడు కట్టుబట్టలతో సరిహద్దు దాటి వెళ్లిన వేలాది కుటుంబాల్లో వాళ్లవీ ఉన్నాయి. ఊరు వదిలి రావడమంటే ఏమిటో బిల్కిస్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు.

మొదట పాపకు ఫాతిమా అని పేరు పెట్టారు. ఆమె దణ్ణం పెట్టే తీరు, అలవాట్లు చూశాక హిందువుల పిల్ల అని బిల్కిస్‌కు అర్థమైంది. వెంటనే పేరు మార్చి గీత అన్నారు. కరాచీ ఆశ్రమంలోనే ఒక గదిలో దేవుళ్ల పటాలు పెట్టి పూజకు ఏర్పాటు చేశారు. పిల్ల తనదైనట్టే చూసుకున్నారు, అయినా తన దాన్ని చేసుకోవాలని చూడలేదు. తప్పిపోయిన బిడ్డను సాకేవాళ్లు ఎందరో ఉంటారు కానీ, ఆ బిడ్డకు వేరే ఇల్లొకటి ఉందన్న మాట పదేళ్లు దాటినా మరవకుండా ఉండటం అందరి వల్లా కాదు.

గీత కూడా మరవలేదు. తన దగ్గరున్న ఆనవాళ్లన్నీ చెప్పడానికే చూసింది. కాగితం మీద 193 అని రాసేది. ఇంటి నంబరు కావచ్చన్నారు. వేళ్లతో లెక్కపెట్టి చూపించేది. ఏడుగురు అన్నదమ్ములు, నలుగురు అక్కచెల్లెళ్లు అని అర్థం చెప్పుకున్నారు. హిందీ పత్రికల్లోంచి మాటలు చూసి పొందిగ్గా రాసేది... ఏ మాటకు ఏమర్థమో ఆమెకు తెలియదు. ఎందుకు రాస్తోందో చూసేవాళ్లకు తెలియదు. ఏడు వేళ్లు చూపిస్తే ఏడుగురు అన్నలే కావాలని ఎక్కడుంది? ఏడిళ్లు కావచ్చు, ఏడు స్టేషన్లు కావచ్చు. చెప్పింది ఆమే, అర్థం మాత్రం ఎదుటివాళ్లది. ఏళ్ల తరబడి గీత గురించి లోకానికి తెలిసిందంతా అలాంటి అనువాదమే.

*

2012లో పాకిస్తాన్ మానవ హక్కుల కార్యకర్త అన్సార్ బర్నీ ఆమె ఫొటోలు పట్టుకుని ఇండియాలో వెతికారు. ఫలితం లేకపోయింది. మూడేళ్లు గడిచాయి. 2015 జూలైలో 'బజరంగీ భాయిజాన్' సినిమా విడుదలైంది. కథ రాసింది మన విజయేంద్రప్రసాద్. మాట రాని పాకిస్తాన్ పాప సంఝౌతా రైల్లోంచి దిగి ఇండియాలో తప్పిపోతే, సల్మాన్ ఖాన్ ఆ పాపను ఇంటికి చేరుస్తాడు. థియేటర్లలో జనం కళ్లు తుడుచుకుంటుంటే అటు కరాచీలో విలేకరులకు గీత గుర్తొచ్చింది. అచ్చం ఇదే కథ, దిక్కు మాత్రం తిరగబడింది!

అచ్చం ఇదే కథ అని అందరూ రాశారు కానీ, ఒక తేడా ఉంది. సినిమాలో పాపకు మాట రాదు గానీ చెవులు వినపడతాయి. ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే కాదని తల తిప్పగలదు, అవునని ఊపగలదు. గీతకు ఆ దారి కూడా లేదు. పుట్టుకతో వినపడని బిడ్డకు తన ఊరి పేరు తెలియదు. వెయ్యిసార్లు అమ్మ పిలిచినా తన పేరేమిటో తెలియదు. అది ఒక శబ్దమని తెలిస్తే కదా! ఊరంటే ఆమెకు ఒక నది, ఒక గుడి, ఒక వీధి మలుపు... అంతే.

సినిమా పుణ్యమా అని ప్రభుత్వాలు కదిలాయి. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మాస్వరాజ్ పట్టుబట్టారు. పాకిస్తాన్‌లోని భారత హైకమిషనర్ టి.సి.ఎ.రాఘవన్ కరాచీ వెళ్లి గీతను చూసొచ్చారు. ఇండియా నుంచి కొన్ని కుటుంబాల ఫొటోలు పంపితే బీహార్‌కు చెందిన ఒక కుటుంబం ఫొటో చూసి గీత తలూపింది. ఇంకేం... 2015 అక్టోబరు 26న ఢిల్లీలో విమానం దిగింది. బిల్కిస్ కూడా వెంట వచ్చారు. ఈధీ ఫౌండేషన్‌కు ప్రధాని మోదీ కోటి రూపాయలు ప్రకటిస్తే వాళ్లు మర్యాదగా వద్దన్నారు.

ఫొటోలో చూసి తలూపిన కుటుంబం ఎదురుగా నిలబడింది. గీత చూసింది. కాదంది.

ఆ క్షణం ఆ గదిలో ఉన్నవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవాల్సిందే. వాళ్లు కూడా అబద్ధం చెప్పలేదు. పంజాబ్‌లో బైశాఖీ తిరునాళ్లలో వాళ్ల బిడ్డ నిజంగానే తప్పిపోయింది. డి.ఎన్.ఎ. పరీక్షలు చేశారు. కలవలేదు. వాళ్లు బీహార్ తిరిగి వెళ్లిపోయారు... రెండోసారి కూతుర్ని పోగొట్టుకుని.

*

గీతను మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో బధిరుల సంస్థలో చేర్చారు. అక్కడినుంచి మొదలైంది వరస. మా అమ్మాయే అంటే మా అమ్మాయే అని ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. జార్ఖండ్ నుంచి, మహారాష్ట్ర నుంచి, తెలంగాణ నుంచి కూడా. కొందరు పాత ఫొటోలు తెచ్చారు. కొందరు పుట్టుమచ్చలు చెప్పారు. అధికారులు విచారించేవాళ్లు, కొన్నిసార్లు రక్తం తీసుకునేవాళ్లు. గీత ముఖం చూసి తల అడ్డంగా తిప్పేది.

డబ్బుకో, పేరుకో వచ్చారని తేలిగ్గా మాట్లాడినవాళ్లూ ఉన్నారు. తల్లిదండ్రుల ఆచూకీ చెప్పినవారికి లక్ష రూపాయలు ఇస్తామని 2017లో సుష్మ ప్రకటించిన మాట నిజమే. కానీ కడుపున పుట్టిన పిల్ల, అందులోనూ నోరులేని పిల్ల, ఎక్కడుందో తెలియక ఇరవయ్యేళ్లు బతికిన తల్లిని ఆ ఇండోర్ గుమ్మం ముందు నిలబెట్టి చూడండి. టీవీలో వచ్చిన ముఖంలో ఏదో ఒక పోలిక కనబడదూ? ఆ కనుబొమ్మ అత్తగారిది, ఆ గడ్డం చిన్నాడపడుచుది అనిపించదూ? వచ్చినన్ని కుటుంబాలూ అంటే, దేశంలో మాట రాని ఆడపిల్లలు అంతమంది తప్పిపోయారన్నమాట. ఒక్క గీత కోసం వెతుకుతుంటే బయటపడిన లెక్క అది. ఆ మిగతా పిల్లలు ఏమయ్యారని అడిగినవాళ్లు లేరు. వాళ్ల మీద సినిమా రాలేదు కదా.

ఈలోగా అబ్దుల్ సత్తార్ ఈధీ 2016 జూలైలో కన్నుమూశారు. 2018లో గీతకు పెళ్లి చేద్దామని సంబంధాలు చూశారు. కుదరలేదు. 2019 ఆగస్టు 6న సుష్మాస్వరాజ్ వెళ్లిపోయారు. ఆ నెలలోనే రెండు దేశాల మధ్యా సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది, మళ్లీ కదల్లేదు. గీతను తీసుకెళ్లిన రైలూ లేదు, తీసుకొచ్చిన మంత్రీ లేదు. టీవీలవాళ్లు ఎప్పుడో మరిచిపోయారు.

*

2020లో గీత బాధ్యత ఇండోర్‌లోనే ఉన్న ఆనంద్ సర్వీస్ సొసైటీకి వచ్చింది. దాన్ని నడిపే జ్ఞానేంద్ర పురోహిత్, మోనికా పురోహిత్ దంపతులు సంజ్ఞల భాషలో నిపుణులు. వాళ్లు చేసింది పెద్ద పరిశోధనేమీ కాదు. గీతను ఆమె భాషలో అడిగారు. ఓపిగ్గా, మళ్లీ మళ్లీ అడిగారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. వినపడని పిల్లలు ఎక్కువమంది వినపడే తల్లిదండ్రులకే పుడతారు. ఆ ఇంట్లో ఎవరికీ సంజ్ఞల భాష రాదు. అమ్మా బిడ్డా కలిసి సొంతంగా కొన్ని సైగలు అల్లుకుంటారు. అన్నానికి ఒకటి, నీళ్లకు ఒకటి, నాన్నకు మీసం మెలేసినట్టు ఒకటి. అవి ఆ ఇంటి గడప దాటితే చెల్లని నాణేలు. పక్క వీధిలోనే అర్థం కావు, ఇక పక్క దేశంలో ఎవరికి అర్థమవుతాయి? గీత తెచ్చుకున్న సైగలు అవే. నలుగురికీ అర్థమయ్యే భాష వంటబట్టాక గానీ, తలలో దాచుకున్న ఊరిని బయట పెట్టడం ఆమెకు కుదరలేదు. అదే ముందు నేర్పి ఉంటే... అనిపిస్తుంది. భారత, పాకిస్తాన్ బధిరుల సంజ్ఞల భాషలు చాలా దగ్గరివని భాషావేత్తలు చెబుతారు. ఆ భాషకు వాఘా దగ్గర గేటు లేదు.

మనవాళ్లు ఈ భాషను భాషగా గుర్తించడానికే చాలాకాలం పట్టింది. ఢిల్లీలో సంజ్ఞల భాషకు జాతీయ పరిశోధన, శిక్షణ కేంద్రం వచ్చింది 2015లో, అంటే గీత తిరిగొచ్చిన ఏడాదే. మూడు వేల మాటలతో మొదటి నిఘంటువు 2018లో వచ్చింది. 2021 నాటికి పదివేల మాటలయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు.

గీత చెప్పిన గుర్తులు ఇవీ... ఇంటికి దగ్గర్లో రైల్వేస్టేషన్. స్టేషన్ దగ్గర కాన్పుల ఆసుపత్రి. ఊరి పక్కన నది. నది దగ్గర గుడి. చుట్టూ చెరకు, వరి, వేరుశనగ చేలు.

ఇలాంటి ఊళ్లు దేశంలో వందలుంటాయి. అప్పుడు రైలు వైపు నుంచి ఆలోచించారు. ముందు అమృత్‌సర్ చేరి, ఆ తర్వాత సంఝౌతా ఎక్కి ఉంటుందనుకున్నారు. ఊరూ పేరూ తెలియని పసిపిల్ల బళ్లు మారి మారి వెళ్లిందనుకోవడం కష్టం. నేరుగా అమృత్‌సర్ వెళ్లే రైలేదో ఎక్కి, దిగకుండా కూర్చుని ఉండాలి. దక్షిణం వైపు నుంచి అలా వెళ్లే బండి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్. నాందేడ్‌లో సిక్కుల హజూర్ సాహిబ్ గురుద్వారా ఉంది. అక్కడినుంచి అమృత్‌సర్ స్వర్ణదేవాలయానికి యాత్రికులను మోసే రైలది. నాందేడ్‌లో బయల్దేరి పర్భణీ, జాల్నా, ఔరంగాబాద్ మీదుగా పోతుంది. ఆ దారిలో నది అంటే గోదావరే. చెరకు ఉంది. వేరుశనగ ఉంది.

హైదరాబాద్, నిజామాబాద్ వాళ్లకు ఆ లైను కొత్తేమీ కాదు. పర్భణీ, నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోవే. ఆ స్టేషన్లు సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోవి. గోదావరి పర్భణీ, నాందేడ్ జిల్లాలు దాటి బాసర దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. కరాచీలో ఆ పిల్ల వేలు పటం మీద ఎక్కడ ఆగిందో గుర్తుంది కదా!

2020 డిసెంబరులో గీతను వెంటబెట్టుకుని బయల్దేరారు. నాందేడ్ చుట్టుపక్కల తిరిగారు. బాసర కూడా వచ్చారు. నది ఒడ్డున గుడి అనగానే ఎవరికైనా ముందు తట్టేది సరస్వతమ్మ గుడే మరి. గీత చూసింది. ఇది కాదంది. అక్షరాభ్యాసానికి పిల్లల్ని చంకనేసుకుని జనం వచ్చే ఆ గుడి దగ్గర, అమ్మ కోసం వెతుక్కుంటూ ఈ అమ్మాయి వచ్చి వెళ్లిన సంగతి ఆ రోజు ఎంతమంది గమనించారో! ఏటికి ఎదురుగా వెతుకులాట సాగింది. పర్భణీ చేరింది.

పర్భణీ జిల్లాలో ఒకావిడ వచ్చింది. మొదటి భర్త కొన్నేళ్ల కిందట చనిపోయాడు. మళ్లీ పెళ్లి చేసుకుంది. తన కూతురికి మాట రాదని, చిన్నప్పుడు తప్పిపోయిందని చెప్పింది. ఇలాంటి మాటలు చాలా విని ఉన్నారు కాబట్టి ఎవరూ తొందరపడలేదు. ఆవిడ ఇంకో మాట చెప్పింది. 'నా బిడ్డ పొట్ట మీద కాలిన మచ్చ ఉండాలి...'

చూశారు. ఉంది.

ఎన్ని ఫొటోలు, ఎన్ని ప్రకటనలు, ఎన్ని పరీక్షలు! చివరికి పట్టిచ్చింది ఎప్పుడో పసితనంలో కాలిన మచ్చ. టీవీలో రాని, పేపర్లో పడని గుర్తు అది. అమ్మకు తప్ప ఇంకొకరికి తెలియని గుర్తు. కూతురు పోయాక ఆ తల్లి దగ్గర మిగిలింది అదొక్కటే.

తల్లి గీతను చూసి భోరుమంది. మరాఠీలో ఏదేదో చెప్పింది. ఇరవయ్యేళ్లుగా దాచుకున్న మాటలు. కూతురికి ఒక్కటీ వినపడలేదు. కూతురు చేతులతో చెబుతోంది. తల్లికి ఆ భాష రాదు. చిన్నప్పటి ఇంటి సైగలు ఇద్దరిలో ఎవరికి ఎన్ని గుర్తున్నాయో! వెళ్లేటప్పుడు పిల్లకు ఏ భాషా లేదు. తిరిగొచ్చేసరికి ఒక భాష ఉంది, అమ్మకు అది తెలియదు. మధ్యలో కూర్చుని ఇటు మాట అటు, అటు సైగ ఇటు చేరవేయడానికి మూడో మనిషి కావాల్సి వచ్చింది. సినిమాల్లో అయితే ఇక్కడ పాటొచ్చి తెర పడుతుంది.

*

2021 మార్చిలో కబురు బయటికి చెప్పింది ఇండియా ప్రభుత్వం కాదు, కరాచీ నుంచి బిల్కిస్ ఈధీ. గీత తనతో ఎప్పుడూ మాట కలుపుతూనే ఉందని, అమ్మ దొరికిందన్న కబురు తనకు ఆమే చెప్పిందని పాకిస్తాన్ పత్రికకు వివరించారు. డి.ఎన్.ఎ. కూడా కలిసిందన్నారు. అప్పుడే గీత అసలు పేరు కూడా లోకానికి తెలిసింది. రాధ! పసిపిల్లకు ఫాతిమా తీసేసి గీత అని పెట్టిన ఆ పెద్దావిడ, ఆ పేరు కూడా తాను పెట్టిందేనని, ఇంతకుముందే ఒకటి ఉందని తెలుసుకుని సంతోషపడింది. మరో ఏడాదికి, 2022 ఏప్రిల్‌లో ఆవిడా కన్నుమూసింది.

తల్లి దొరకగానే కష్టాలన్నీ తీరిపోలేదు. తండ్రి లేడు. తల్లికి వేరే సంసారం ఉంది. సందు చివర కిరాణా కొట్లో ఉప్పు అడగాలన్నా సైగ తెలిసినవాళ్లు ఉండరు. తోటి బధిరుల మధ్య, వాళ్ల భాషలో ఏళ్ల తరబడి బతికిన మనిషికి పుట్టిల్లు చేరడం కూడా ఇంకో దేశం వెళ్లడం లాంటిదే. పర్భణీలో కొంతకాలం ఆమెకు శిక్షణ ఏర్పాటు చేశారు. ఆ తర్వాత మహారాష్ట్రలో అమ్మ దగ్గరికి వెళ్లింది.

ఇప్పుడైతే ఇంత కష్టపడనక్కర్లేదు కదా అనిపించవచ్చు. కొంతవరకు నిజమే. తెలంగాణ పోలీసులు 2018లో 'దర్పణ్' అని ముఖాలు పోల్చే యాప్ తెచ్చారు. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయి అస్సాంలోని ఆశ్రమానికి చేరిన ఆటిజం పిల్లవాడిని 2020లో ఆ యాప్ గుర్తుపట్టింది. ఎక్కడి యూపీ, ఎక్కడి అస్సాం... కలిపింది హైదరాబాద్! 2021లో నాగపూర్‌లో పెరుగుతున్న మానసిక వికలాంగుడైన కుర్రాడికి ఆధార్ తీయించబోతే వేలిముద్రలు అప్పటికే ఉన్నాయని తేలి, పదేళ్ల తర్వాత జబల్‌పూర్‌లోని కన్నవాళ్ల చెంతకు చేరాడు. 2024 మేడారం జాతరలో పిల్లల చేతులకు క్యూఆర్ కోడ్ పట్టీలు కట్టారు. పూర్వం చేతి మీద పేరు పచ్చబొట్టు పొడిపించేవాళ్లు. పట్టీ మారింది, భయం అదే. ఒంటరిగా తిరుగుతున్న పిల్లవాడు ఎవరైనా కనిపిస్తే 1098కి ఫోన్ చేయమంటారు. చేసేదాకా ఉంటే సరే... ఫోనెత్తినవాళ్లు మొదట అడిగేది 'బాబు పేరేంటి?' అనే. పేరు చెప్పలేని పిల్లల దగ్గరే చిక్కంతా. స్టేషన్లో ఉండే పోలీసుల్లో, ఆశ్రమాల వార్డెన్లలో పది సైగలు తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారు? గీతకు ఫొటోలు తీసినవాళ్లు దొరికారు, రక్తం తీసినవాళ్లు దొరికారు. కూర్చోబెట్టి సరిగ్గా అడిగేవాళ్లు దొరకడానికే ఆలస్యమైంది.

పుస్తకాల్లోంచి అర్థం తెలియని హిందీ మాటలు దిద్దుకున్న ఆ అమ్మాయి తర్వాత మధ్యప్రదేశ్ ఓపెన్ స్కూల్లో చేరింది. పాఠాలన్నీ సంజ్ఞల భాషలోనే. 2024లో ఎనిమిదో తరగతి పాసైంది. ముప్పై దాటాక. ప్రభుత్వ ఉద్యోగం చేయాలని ఉందట. పాసైన కబురు ఇండోర్ గురువులకు సైగలతో చెప్పింది. ఈసారి అర్థం చెప్పడానికి మధ్యలో ఎవరూ అక్కర్లేకపోయింది.